టేకుచేపల దంతములు



సంతలో ఎద్దును కొనువాడు మొదట దాని నోరు తెఱచి చూచును. రెండుపండ్లదా, నాలుగుపండ్లదా, కడపండ్లు వేసినదా యని లెక్కించి వయస్సు నిర్ణయించును. పలమనేరు, కుప్పము ప్రాంతపు రైతులు చేలలో బడిన యేనుగులను జూచి, పొడుగైన దంతములు గలదానిని మగదని గుర్తింతురు. కావున దంతము తిండికే గాక వయస్సునకును, ఆడుమగ భేదమునకును గూడ సాక్ష్యమని మన మెఱుగుదుము. అట్లయ్యును నేనొకప్పు డీ సంగతి మఱచి యొక బాలునకు అన్యాయము చేసితిని.

అప్పుడు పులికాటు సరస్సు దాపున బడిపంతులుగా నుంటిని. "జంతువు తిను తిండినిబట్టి దాని పండ్లుండును" అని పాఠము చెప్పుచుండగా, చేపలుపట్టు వారింటి పిల్లవా డొకడు లేచి, "అయ్యవారూ, టేకుచేపలలో మగదాని పండ్లు గుచ్చుకొనును, ఆడుదానివి నున్నగా నుండును. రెండును తినునవి పీతలు, రొయ్యలే గదా?" యనెను. నేను గద్దించి కూర్చుండబెట్టితిని. వాడు మఱియెన్నడును ప్రశ్న యడుగలేదు.

పింఛను పుచ్చుకొన్న పిదప తిరుపతిలో నీ విషయము చదివి సిగ్గుపడితిని. టేకు సొరచేపకు చుట్టము. దాని నోరు పొట్టవైపున నుండును. పండ్లు పఱచిన రాళ్లవలె వరుసలుగా నుండి, ముందువి అఱిగి రాలినకొలది వెనుకవి ముందునకు వచ్చును. మనకు ఒక్కమాఱే పండ్లు మాఱును. దానికి జీవితాంతమును మాఱుచునే యుండును. పిల్లప్రాయమున ఆడుమగలకు పండ్లలో భేదము కానరాదు. ఈడు వచ్చిన పిదప ననేక జాతులలో మగదాని పండ్లకు మొన యేర్పడును. జతకూడువేళ అది ఆడుదాని ఱెక్కయంచును కఱచి పట్టుకొనవలెను. చేతులులేని జీవమునకు నీటిలో వేఱు పట్టేది? ఆడుదానికా యవసరము లేదు గనుక, పెంకులు నలుగగొట్టుటకు దగిన చదునుపండ్లే నిలిచియుండును. గద్దటేకులవంటి కొన్నిటిలో మాత్రము రెంటికిని చదునైన పండ్లే.

అమెరికాలోని ఫ్లారిడా తీరపు టేకునుగూర్చి కజియూర, ట్రైకాస్ అను శాస్త్రజ్ఞులు 1996లో ప్రకటించిన సంగతి మఱింత వింతైనది. అందు మగదాని పండ్లు జతకూడు కాలమున మొనదేలి, ఆ కాలము గడచినంతనే చదునగును. ఆడుదానివి యేడాది పొడుగునను చదునే.

విశాఖపట్టణపు చేపలను వర్ణించి పాట్రిక్ రస్సెల్ అను దొర 1803లో లండనులో గ్రంథము ప్రకటించెను. అందలి 200 చేపలలో పెక్కింటికి ఇచ్చటివారు పిలుచు తెలుగుపేళ్లనే వ్రాసికొనెను; టేకును 'టెంకి' యనెను. సముద్రము దాటివచ్చిన యాయన పల్లెవారి నడిగి నేర్చెను. ఇచ్చటనే పుట్టిన నేను వారి బిడ్డను గద్దించితిని.

మొన్న ఆ శిష్యుని వెదకికొని పోయి, "నీ మాటయే నిజమురా, అబ్బీ" యంటిని. వాడు నవ్వి, వలలోని రెండు టేకుల నోళ్లు తెఱచి నా వ్రేలితో తడవి చూడుమనెను. ఒకటి ఆకురాయివలె గఱకు. రెండవది సానఱాయివలె నునుపు.

అయ్యా, మీ యింటి పిల్లలు వింతప్రశ్న యడిగినప్పుడు గద్దింపకుడు. చూపుమని వారి వెంట వెళ్లుడు.