పోటీ మరమనిషికి చక్రముల కూర్పు



అమెరికా దేశమునందు 1992వ సంవత్సరము మొదలుకొని ఉన్నత పాఠశాలల బాలబాలికలు తాము నిర్మించిన యంత్రములను పందెములకు తెచ్చుచున్నారు. ఈ పోటీకి ఫస్ట్ రోబోటిక్స్ అని పేరు. దీనిని నెలకొల్పినవాడు డీన్ కేమెన్ అను యంత్రనిర్మాత. మరమనిషి యనగానే కాళ్ళు చేతులు గల బొమ్మను ఊహింపకుడు. అది నూరు పౌనులకు మించిన బరువుతో, చక్రములపై పరుగిడు పెట్టె వంటిది. ఒక్కొక్క ఆట రెండున్నర నిమిషములకు అటునిటుగా ముగియును. మూడు జట్ల యంత్రములు ఒక పక్షము. కావున ఒకటి నిలిచిపోయినచో తక్కిన రెంటి శ్రమయు చెడును.

చూచువారి కన్ను బంతులను విసరు చేతిమీదనే యుండును. పిల్లలును దానికే ఎక్కువ కాలము వెచ్చింతురు. నా అభిప్రాయమున ఇది తలక్రిందుల పని. చేయి విరిగిన యంత్రము ఎదుటివారికి అడ్డముగనైన తిరుగగలదు. కదలని యంత్రము బండరాయి.

ఇట్టి యంత్రములలో చిరకాలము వాడబడిన మోటారు నిమిషమునకు సుమారు 5,300 మార్లు తిరుగును. దానిని నేరుగ చక్రమునకు తగిలించినచో బలము చాలక వేడెక్కి మాడిపోవును. పండ్లచక్రములచేత, అనగా గేర్లచేత, ఆ వేగమును పదింట ఒక వంతునకు తగ్గింతురు. అప్పుడు ఆరంగుళముల చక్రముతో యంత్రము సెకండునకు 11, 12 అడుగులు పోవును. త్రోపుడు బలమును హెచ్చును.

చక్రములు నాలుగు చాలుననుకొందుము. కాని నిలిచిన చోటనే మరలవలసినపుడు ఒకవైపు చక్రములు ముందుకును, రెండవవైపువి వెనుకకును తిరుగును. మూలలందలి చక్రములు నేలను రాచుకొనుచు ప్రక్కకు ఈడ్వబడును. మోటారు మూలుగును, బ్యాటరీ క్షీణించును. అందుకు ఆరు చక్రములు కూర్చి, నడిమి జతను అంగుళములో ఎనిమిదవ వంతు దింపుదురు. అప్పుడు బరువు నడిమి జతమీదను, ముందుదో వెనుకదో ఒక జతమీదను మాత్రమే పడును. నేల నానిన ఇరుసుల ఎడము సగమై, యంత్రము సులువుగ మరలును. మరియు నడిమి చక్రమును గొలుసు లేకుండ గేరుపెట్టెకే తగిలింతురు. చివరి చక్రములకు గొలుసులు నడచును. ఒక గొలుసు తెగినను నడక మానదు.

ప్రతి చక్రమును వేరుగ ఏ దిక్కునకైనను త్రిప్పు ఏర్పాటు నేడు బలమైన జట్లలో వ్యాపించినది. చూచుటకు ముచ్చటే, కాని ఖర్చు మెండు, చెడుటకు చోట్లును మెండు.

బండి తోలినవారికి తెలియును, చక్రము విరుగుటకన్న సీల ఊడుటయే తరచు. ఇచ్చటను అంతే. ఇరుసు రెండు చోట్ల బేరింగులపై ఆనవలెను. లేనిచో ఢీకొన్నపుడు వంగును. గుండ్రని ఇరుసుకు చక్రమును మరమేకుతో బిగించినచో, అదురునకు సడలి, చక్రము నిలిచి ఇరుసే తిరుగును. కావున ఆరుపలకల ఇరుసులు వాడుదురు. క్రొత్త గొలుసు కొన్ని ఆటలలోనే సాగును. వదులైనచో పండ్లను దాటిపోవును.

అందుచేత ఆట ముగియగనే తెలిసిన పిల్లలు యంత్రమును దిమ్మలమీదికెత్తి, ప్రతి చక్రమును చేతితో త్రిప్పి, చప్పుడు విని, గొలుసును వ్రేలితో నొక్కి చూతురు. తరువాతి పిలుపునకు ఒక్కొక్కప్పుడు కొన్ని నిమిషములే యుండును.