లేఖక దోషమును సూక్ష్మజీవుల పరిణామమును
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



తాళపత్రములపై గ్రంథములు వ్రాసికొను కాలమున, ఒక ప్రతినుండి వేఱొక ప్రతి పుట్టునపుడు ఎచ్చటనో ఒక అక్షరము తప్పిపోవుట సహజము. ఆ ప్రతిని చూచి వ్రాసిన ప్రతులన్నిటికిని ఆ తప్పు వంశానుగతముగ సంక్రమించును. పెక్కు తప్పులు అర్థమును చెఱచును. కొన్నింటివలన నష్టము లేదు. ఏ ఒకటియో మూలముకంటె మేలైన పాఠమై నిలుచును. బాక్టీరియాల సంతతియు ఇట్టిదే. రెండుగా చీలునపుడు అవి డి.ఎన్.ఏ. అను తమ గ్రంథమునకు ప్రతి వ్రాసికొనును. అందలి లేఖక దోషమే ఉత్పరివర్తనము. ఏ ప్రతి నిలువవలెనో పరిసరములు నిర్ణయించుటయే ప్రకృతి వరణము.

ఇచట నొక సందేహము కలదు. విషము తగిలిన పిదప దానిని తట్టుకొను శక్తి పుట్టునా, లేక ముందే కొన్నింటియందు ఉండునా? 1943లో లూరియా, డెల్‌బ్రుక్ అను శాస్త్రజ్ఞులు దీనిని లెక్కతో తేల్చిరి. ఒకే జాతి బాక్టీరియాలను వేఱువేఱు గొట్టములలో పెంచి, వానిని చంపు వైరసును ప్రయోగించిరి. వైరసే శక్తిని పుట్టించునదైనచో, బ్రతికినవాని సంఖ్య అన్నిటను ఇంచుమించు సమానముగ నుండవలెను. కాని పెక్కింట ఒకటియు లేదు. ఒకానొకదానియందు వందకు మించి యుండెను. అచట తప్పు ముందుగనే దొర్లి, ఆ వంశము పెరిగినదన్నమాట. జల్లెడ గింజలను పుట్టింపదు, ఉన్నవానిని వేఱుచేయును.

ఇరువది నిమిషములకొకసారి రెట్టించు ఒక్క బాక్టీరియము, ఆటంకము లేనిచో, పది గంటలలో 107 కోట్లు దాటును. ఇన్ని పద్దులను చేతితో వ్రాయుట దుర్ఘటము. అందులకే శాస్త్రజ్ఞులు కంప్యూటరును ఆశ్రయించిరి. 1993లో అమెరికాలోని కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థయందు ‘అవిడా’ అను సాఫ్ట్‌వేరు ఆరంభమైనది. అందలి జీవులు చిన్న ఆజ్ఞావళులే. అవి తమకు తామే ప్రతులు వ్రాసికొనును, అప్పుడప్పుడు తప్పును. గణనము నేర్చినవానికి యంత్రకాలము ఆహారముగ లభించును. 2003లో ప్రకటితమైన పరిశోధనమున, రెండు సంఖ్యలను పోల్చి సమానతను తేల్చు క్లిష్టవిద్యను 50 సమూహములలో 23 సాధించినవి. సులభవిద్యలకు ప్రతిఫలమును తొలగించి మరల 50 సమూహములను నడుపగా ఒక్కటియు సాధింపలేదు. మెట్లు లేక మేడ యెక్కుట లేదు.

అయినను చిట్టాలో వ్రాయని పద్దు మొత్తములో చేరదు. మనము చెప్పిన నియమములనే యంత్రము నడపును. కావున సజీవ సాక్ష్యమును కావలెను. 1988లో లెన్‌స్కీ అను శాస్త్రజ్ఞుడు ఇ. కోలై బాక్టీరియాలను 12 కూజాలలో పెంచ నారంభించెను. దినమునకొకసారి నూఱవ వంతును క్రొత్త ఆహారములోనికి మార్చుచుండిరి. ముప్పది వేల తరములు గడచిన పిదప ఒక్క కూజాలోని జీవులే ప్రాణవాయువున్నపుడు సిట్రేటును భుజింప నేర్చినవి.

ఇందు మనకేమి? యాంటీబయాటిక్ మందు కూడ జల్లెడయే. అవసరము లేక వాడినను, చాలని మోతాదున వాడినను, దుర్బలములు చచ్చి, తట్టుకొనునవి మిగిలి, వాని సంతతియే వర్ధిల్లును. పెనిసిలిన్‌ను కనుగొనిన ఫ్లెమింగ్ 1945లోనే ఈ హెచ్చరిక చేసెను. జలుబు వైరసుల వలన వచ్చునది. దానిపై ఆ మందు పనిచేయదు. వైద్యుని సలహా లేక అంగడిలో రెండు మాత్రలు కొని మ్రింగుట, మిగిలినవి పొరుగువారికిచ్చుట తగదు. ఒక యింట మిగిలిన ఆ సంతతి ఆ యింటనే ఉండదు. రేపు పొరుగింటి పసిబిడ్డకు మందు పనిచేయకపోవచ్చును. ఈ మాటను చదువరులు చదువనివారికి చెప్పుదురు గాక.