డ్యూటీ తర్వాత చదువు

పాలకుర్తి పల్లెల నుంచి బీఎస్సీ నర్సింగ్‌లో చేరే పిల్లలకు మొదటి సెమిస్టర్‌లోనే అనాటమీ, ఫిజియాలజీ, సైకాలజీ, సోషియాలజీ, ఇంగ్లీషు, నర్సింగ్ ఫౌండేషన్స్ ఒక్కసారిగా మీద పడతాయి. 2021 నాటి కొత్త సిలబస్‌తో నాలుగేళ్ల కోర్సు ఎనిమిది సెమిస్టర్లయింది. పరీక్ష రాయాలంటే హాజరు 80 శాతం ఉండాలి. డిగ్రీ చేతికొచ్చేలోగా ప్రాక్టికల్స్ నూటికి నూరు పూర్తికావాలి.

అంటే ఆసుపత్రి డ్యూటీ తప్పదు.

కాబట్టి తెలివైన విద్యార్థిని డ్యూటీనే చదువుగా మార్చుకుంటుంది. వార్డులో కాళ్లవాపు రోగికి ఫ్యూరోసమైడ్ ఇచ్చారనుకోండి. అది మూత్రాన్ని పెంచి ఒంట్లో చేరిన నీరు తీస్తుంది, పొటాషియం తగ్గించవచ్చు. బీపీ, బరువు, మూత్రం లెక్క చూడాలి. జేబు పుస్తకంలో ఆ నాలుగు ముక్కలు రాసుకుంటే ఫార్మకాలజీ, ఫిజియాలజీ, రోగి సంరక్షణ ఒకేచోట వచ్చేస్తాయి.

ఆ పేజీని మర్నాడు, మళ్లీ వారానికి తిరగేయాలి. చదివింది తిరగేయకపోతే మొదటి రోజే చాలావరకు చెదిరిపోతుందని జర్మనీ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ 1885లోనే చూపాడు. పరీక్ష ముందు రాత్రంతా మేలుకోవడం శుద్ధ దండగ!

తల్లిదండ్రులకో మాట: సెలవుకు ఇంటికొచ్చిన అమ్మాయికి ఆ పుస్తకం తిరగేసుకునేందుకు రోజూ ఒక గంట పనులు చెప్పకుండా వదిలేయండి.