విద్యుత్తునకు మట్టము చూచుట



గుడుపల్లె ప్రాంతపు పెద్దలకు విద్యుత్తు క్రొత్త కథ కాదు. 1902లోనే కావేరీతీరమందలి శివసముద్రమునుండి మన పొరుగున నున్న కోలారు బంగారు గనులకు తీగలమీద విద్యుత్తు వచ్చినది. 2025లో హంద్రీ-నీవా కాలువద్వారా కృష్ణాజలములు కుప్పము సీమను చేరినవి. ఈ రెంటికిని గల పోలికను బట్టి నేను చేయు పనిని మీకు విన్నవించెదను.

పల్లమునకు పారుట నీటి స్వభావము. కనుకనే కృష్ణాజలములను యంత్రములతో మెట్టుమెట్టుగా నెత్తవలసి వచ్చినది. కాలువ త్రవ్వుటకు ముందు దాని పొడవునను మట్టములు చూచి పటము గీయుదురు. విద్యుత్తునకును అట్టి మట్టము కలదు. దానిని పొటెన్షియల్ అందురు. బ్యాటరీ యెత్తిపోతల యంత్రము వంటిది. అయితే ఎలక్ట్రాను ఋణావేశము గలది గావున, దాని విషయమున నీ పటమును తలక్రిందుగా చదువవలెను.

మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు పాటి చోట ఎలక్ట్రాను నీటివలె గాక తరంగమువలె సాగును. కట్ట మిక్కిలి పలుచనైనచో దాని నెక్కకయే యావలికి పోగలదు. ష్రోడింగరు 1926లో ప్రకటించిన సమీకరణముచే ఎలక్ట్రానులు ఎచ్చట నెంత యుండునో కనుగొందుము. పోసాను సమీకరణముచే వానివలన నేర్పడు మట్టమును కనుగొందుము. మట్టము మారిన ఎలక్ట్రానుల కూర్పును మారును; కావున రెండు లెక్కలును ఏకీభవించువరకు కంప్యూటరుచే మరల మరల చేయింతుము.

నేను గీసిన మొదటి పటమున వాలు కానరాలేదు. ప్రతి పరమాణువు నొక లోతైన బావివలె కనబడెను. ఆ బావుల నడుమ ఒక వోల్టు వాలు మరుగుపడెను. బ్యాటరీ తగిలించినప్పటి మట్టమునుండి, తగిలింపనప్పటి మట్టమును తీసివేసితిని. బావులు చాలవరకు పోయి వాలు బయటపడెను. నేను సంతసించితిని.

కాని పటము కొనలను పరికింపగా, అవి చదునుగా లేవు. ఇరుప్రక్కల లోహమున కొలదిపాటి పొరలనే లెక్కలో చేర్చితిని. అందుచే వాలు సరిహద్దువరకు పోయినది. ఆ లెక్కనుండి వచ్చిన ప్రవాహపు సంఖ్య నమ్మదగినది కాదు. పలుదినముల శ్రమను విడిచి, పొరలు పెంచి, మొదటినుండి లెక్కించితిని. అప్పుడు కొనలు చదునయ్యెను. ప్రవాహపు సంఖ్యయు మారెను.

కాలువకు రెండు కొనల మట్టము కుదురనిచో, నడుమ గీత యెంత యందముగా నున్నను నీరు పారదు. ఇది మీరెరిగిన మాటయే; నేను ఆలస్యముగా నేర్చితిని.