క్యాజువాలిటీ గుమ్మం దగ్గర

నర్సింగ్ పట్టభద్రులారా, వాళ్లను ఇంతదాకా తీసుకొచ్చిన తల్లిదండ్రులారా, గురువులారా,

రేపు మీరు వెళ్లే దారిలో ఎక్కడో ఒక బండి పడిపోయి ఉంటుంది. "ముట్టుకోకండి, పోలీసు కేసవుతుంది" అని గుంపులోంచి ఎవరో అంటారు. ఆ భయానికి కాలం చెల్లింది. సాయపడినవారిని వేధించకుండా కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను అందరూ పాటించి తీరాలని 2016 మార్చి 30న సుప్రీంకోర్టు తేల్చింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేరింది. ప్రతిఫలం ఆశించకుండా సదుద్దేశంతో బాధితుణ్ణి ఆదుకుంటే, ఆ ప్రయత్నంలో పొరపాటు జరిగినా సివిల్ కేసూ క్రిమినల్ కేసూ ఉండవు. పేరు, చిరునామా చెప్పమని బలవంతపెట్టకూడదు.

అయితే ఆ సెక్షన్ రోడ్డు ప్రమాదాలకే. పాముకాటు, కరెంటు షాకు దానిలోకి రావు. అక్కడ ఆసరా భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్. అనుమతి చెప్పే స్థితిలో లేని మనిషికి మేలు కోరి సదుద్దేశంతో చేసిన పని నేరం కాదంటుంది. కానీ తగిన జాగ్రత్త లేకుండా చేసినదాన్ని సదుద్దేశంగా ఆ సంహితే ఒప్పుకోదు. ఇక్కడే మీ బాధ్యత దారినపోయేవారి కంటే బరువైనదని నా నమ్మకం. స్పృహ లేనివాళ్ల నోట్లో ఎవరో తెలియక నీళ్లు పోస్తారు. పాము కరిచిన కాలికి తాడు బిగిస్తారు. అవి ప్రాణం మీదికి తెస్తాయని మీరు చదువుకున్నారు. రాని పనికి పూనుకోకండి, వచ్చిన పనికి వెనకాడకండి.

స్పృహలో ఉంటే అడగండి: "అమ్మా, నేను నర్సుని, చూడనా?" వద్దంటే నచ్చజెప్పండి, బలవంతం చేయకండి. బట్టలు చెదిరితే చున్నీ కప్పండి. సెల్‌ఫోన్‌తో వీడియో తీసేవాళ్లను గట్టిగా వారించండి, గాయపడినవారి పరువూ మీ చేతిలోనే ఉంది. 108 వచ్చేదాకా వదలకండి. ఏం చూశారో, ఏం చేశారో, ఎన్ని గంటలకో సిబ్బందికి చెప్పి అప్పగించండి.

కొందరు త్వరలోనే క్యాజువాలిటీలో డ్యూటీ చేస్తారు. ప్రాణం నిలబెట్టడమే ముందు, పోలీసు లాంఛనాలు తర్వాత అని పరమానంద్ కటారా కేసులో 1989లోనే సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ప్రైవేటు ఆసుపత్రులకూ అది వర్తిస్తుంది. అయినా రక్తపు చొక్కాతో వచ్చిన అపరిచితుణ్ణి "మీరేమవుతారు? డబ్బెవరు కడతారు?" అని నిలదీయడం ఇంకా వింటున్నాం. ఆ ప్రశ్న మీ నోట రానివ్వకండి. ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్లివ్వండి, వెళ్తానంటే వెళ్లనివ్వండి. సాయపడినవారి హక్కుల పత్రాన్ని ప్రతి ఆసుపత్రీ ద్వారం దగ్గరో, అందరికీ కనబడేచోటో స్థానిక భాషలోనూ పెట్టాలని మోటారు వాహనాల చట్టం కింద వచ్చిన 2020 నిబంధనలు చెబుతున్నాయి. మీరు చేరిన ఆసుపత్రిలో అది తెలుగులో కనిపించకపోతే, మొదటి వారంలోనే సూపరింటెండెంట్ గారిని అడగండి.