కుళాయి దగ్గరున్న మనిషిని అడగండి

(విశాఖపట్నంలో బస్తీ కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక వీధిలో వాంతులు, విరేచనాలు మొదలైతే ముందుగా వినిపించే మాట "శుభ్రం లేదు" అని. ఆ మాట ఎవరి మీద పడుతుందో మీకు తెలుసు. నీళ్ళు పట్టేవాళ్ళ మీద, వండేవాళ్ళ మీద. హాస్టల్లో తిండి వికటిస్తే మొదట పోయేది వంటమనిషి ఉద్యోగం. కారణం తేలకముందే దోషి తేలిపోతుంది! నేను ప్రయోగశాలలో సూక్ష్మజీవులతో పనిచేసినదాన్ని గనుక, కారణం ఎలా తేల్చాలో నాకు తెలిసింది చెప్తాను.

ముందు కాలం చూడాలి. తిన్న 6 గంటల్లోపు వాంతులు పట్టుకుంటే స్టెఫిలోకాకస్ విషాన్ని అనుమానిస్తాం. మర్నాటికి జ్వరంతో విరేచనాలైతే సాల్మొనెల్లా కావచ్చు. బియ్యం కడిగిన నీళ్ళలా ధారగా పోతూ మనిషి గంటల్లో పీక్కుపోతే కలరా. అది నీళ్ళు తాగిన కొద్ది గంటల నుంచి 5 రోజుల దాకా ఎప్పుడైనా రావచ్చు. టైఫాయిడ్‌కి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది, అంటే ఈ రోజు కుళాయి నీళ్ళు బాగున్నాయని చూపించినంత మాత్రాన అప్పటి నీళ్ళు బాగున్నట్టు కాదు.

తర్వాత పోలిక. జబ్బుపడ్డవాళ్ళనే అడిగితే ఏమీ తేలదు, బాగున్నవాళ్ళనీ అడగాలి. 1854లో లండన్‌లో జాన్ స్నో కలరా చావులను పటం మీద గుర్తించి బ్రాడ్ వీధి పంపును పట్టుకున్నాడని అందరూ చెప్తారు. ఆ పక్కనే బీరు కర్మాగారంలో పనివాళ్ళకి జబ్బు ఎందుకు రాలేదని కూడా ఆయన అడిగాడు. వాళ్ళకి సొంత బావి ఉంది, ఆ పంపు నీళ్ళు వాళ్ళు తాగలేదు.

ఇక్కడ మన పని మొదలవుతుంది. సర్వేకి వచ్చినవాళ్ళు ఇంటి యజమానిని అడిగి రాసుకుపోతారు. ఆయనకేం తెలుసు? ఏ రోజు మొదటి బిందె కంపు కొట్టిందో, నీళ్ళు ఎప్పుడు పచ్చగా వచ్చాయో పట్టినామెకి తెలుసు. విందులో "ఏం తిన్నారు" అని అడుగుతారు గానీ "ఎన్నింటికి తిన్నారు" అని అడగరు. పొద్దున వండిన కూర మగవాళ్ళు పన్నెండింటికి తింటే, ఆడవాళ్ళు మూడింటికి తింటారు. విశాఖ ఎండలో ఆ మూడు గంటలు సూక్ష్మజీవికి పండగే. పైగా ఇంట్లో అందరికీ సేవ చేస్తూ తను ఆసుపత్రికి వెళ్ళని మనిషి ఆసుపత్రి లెక్కలోకి రాదు. అందుకే ఇల్లిల్లూ తిరగాలి.

మన నగరానికి రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ, ఏలేరు కాలువ నుంచి నీళ్ళొస్తాయి. శుద్ధి చేసే పంపినా దారిలో చెడిపోవచ్చు. కుళాయి కట్టేశాక గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. ఆ గొట్టం మురుగుకాలవలోంచి పోతుంటే పగుళ్ళలోంచి మురుగును లోపలికి లాక్కుంటుంది. కుళాయి చివర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. దాన్ని చూసే రంగు పరీక్ష మీరూ చేయగలరు, కష్టమేమీ కాదు.

2024 అక్టోబరులో పక్కనే విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలింది. ఉప ముఖ్యమంత్రి పవన్ కళ్యాణ్ ఊరికి వచ్చి 10 మంది చనిపోయారన్నారు. అధికారులేమో చాలా మరణాలు ఇతర జబ్బుల వల్లేనన్నారు. ఇది ఉత్త లెక్కల తగువు కాదు. గుండెజబ్బు ముసలామె విరేచనాలతో ఒంట్లో నీరంతా పోయి చనిపోతే, ఆ చావును ఏ ఖాతాలో రాస్తారన్న దాని మీదే గొట్టం మారుస్తారా లేదా అన్నది ఆధారపడుతుంది. అంతకు ముందు ఆగస్టులో అనకాపల్లి జిల్లా కైలాసపట్నం హాస్టల్లో తిండి వికటించి చనిపోయినవాళ్ళు ఆదివాసీ పిల్లలు. అలాంటి చోట, నిల్వ ఉన్న తిండి మిగులును ఎవరో కడిగి పారేయకముందే దాచాలి. చాలా కేసులు అక్కడే చచ్చిపోతాయి.

నివేదిక అడగండి. సమాచార హక్కు చట్టం, 2005 ప్రకారం మనిషి ప్రాణానికి సంబంధించిన సమాచారం 48 గంటల్లో ఇవ్వాలి. దరఖాస్తులో ఆ మాట రాయండి. కలుషిత ఆహారంతో ప్రాణం పోతే 5 లక్షలకు తగ్గని పరిహారం ఆహార భద్రతా చట్టం, 2006 65వ సెక్షనులో ఉంది. కానీ రుజువు కావాలి. మలం నమూనా యాంటీబయాటిక్ వేయకముందే తీయాలి, లేకపోతే సూక్ష్మజీవి దొరకదు. ప్రయోగశాల దూరమైతే క్యారీ-బ్లెయిర్ అనే మాధ్యమంలో పంపమనండి. దానికోసం మాత్రం ఓఆర్ఎస్ ఇవ్వడం ఆపకండి, సెలైన్ ఆపనివ్వకండి.