దర్యాప్తు గది నుండి తరగతి గదికి



నేర పరిశోధనలో జీవితం గడిపిన అధికారులు అధ్యాపకులైతే సమాజానికి, ముఖ్యంగా అనుమానపు నీడలో బ్రతికే అల్పసంఖ్యాకులకు కలిగే మేలేమిటన్నది నేటి మా ప్రసంగ విషయం. ఇందుకు అమెరికా అనుభవాన్ని ఎంచుకొన్నాము. అక్కడి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐలో ఏజెంటుగా చేరాలంటే డిగ్రీ ఉండాలి. 20 ఏళ్ల సర్వీసు నిండినవారు 50వ ఏటనే విరమించుకోవచ్చు. సాధారణంగా 57 ఏళ్లకు తప్పుకోవలసిందే. ఇంకా ఓపిక ఉన్న వయస్సులో బయటికి వచ్చినవారు పలువురు కళాశాలల్లో క్రిమినల్ జస్టిస్, అనగా నేర న్యాయ శాస్త్రం బోధిస్తుంటారు. రేపటి పోలీసులు, ప్రాసిక్యూటర్లు, జైలు అధికారులు వారి ముందు కూర్చొని వింటారు.

అక్కడ వారు ఏమి వింటారన్నది మనకు ముఖ్యం. 2011లో ఎఫ్‌బీఐ సొంత శిక్షణ పాఠాలు కొన్ని పత్రికలకెక్కాయి. ముస్లిం ఎంత భక్తిపరుడైతే అంతగా హింసకు చేరువవుతాడనే అర్థం వచ్చే పటాలు వాటిలో ఉన్నాయి. సామాన్య అమెరికన్ ముస్లింలు సైతం ఉగ్రవాదుల పట్ల సానుభూతి గలవారేనన్న రాతలున్నాయి. హక్కుల సంఘాలు, ముస్లిం సంస్థలు నిలదీసిన మీదట ఎఫ్‌బీఐ తన పాఠ్య సామగ్రిని పరిశీలించి, వందల పేజీలను తొలగించినట్లు 2012లో వెల్లడించింది. అంతవరకు ఆ పాఠం విన్న యువ ఏజెంటు, మస్జిదుకు వెళ్లే మనిషిని ఏ కంటితో చూసి ఉంటాడో ఆలోచించండి.

దీనికి విరుగుడు చెప్పినవారిలో అదే సంస్థలో పనిచేసినవారూ ఉన్నారు. మైక్ జర్మన్ 16 ఏళ్లు ఎఫ్‌బీఐ ఏజెంటు. 1990లలో మారు రూపంలో శ్వేతజాతి దురహంకార ముఠాలలో చేరి వారి నేరాలను బయటపెట్టారు. ఒక ఉగ్రవాద కేసు దర్యాప్తులో లోపాలున్నాయని ఫిర్యాదు చేసి, చివరకు 2004లో రాజీనామా ఇచ్చారు. పిమ్మట పౌరహక్కుల రంగంలో పనిచేశారు, నేషనల్ డిఫెన్స్ యూనివర్సిటీలో అతిథి అధ్యాపకునిగా బోధించారు, గ్రంథాలు వ్రాశారు. ఒక భావాన్ని నమ్మేవారు అనేకులుంటారు, నేరానికి దిగేవారు కొందరే. కనుక దర్యాప్తు మతం వెంట పోక నేరపు చేష్ట వెంట నడవాలన్నది ఆయన వాదన సారం. ఆ ముఠాల నడుమ కూర్చొని వచ్చిన మనిషి చెప్పిన మాటను అనుభవం లేని మాటగా త్రోసిపుచ్చడం ఎవరికీ సాధ్యం కాదు.

రెండవవారు అలీ సూఫాన్. లెబనాన్‌లో జన్మించి, అమెరికాలో చదివి, 1997లో ఎఫ్‌బీఐలో చేరిన ముస్లిం. అరబ్బీ ఆయన మాతృభాష. 2001 సెప్టెంబరు దాడుల తరువాత, యెమెన్ నిర్బంధంలో ఉన్న బిన్ లాదెన్ పూర్వ అంగరక్షకుని ఆయన విచారించారు. ఆ మనిషి తీపి బిస్కెట్లు ముట్టకపోవడం చూసి, మధుమేహమని గ్రహించి, చక్కెర లేనివి తెప్పించారు. ఆ మర్యాదతోను, ఓపికతో సాగిన ప్రశ్నలతోను అతడు మెత్తబడి, విమానాలు హైజాక్ చేసినవారిలో పలువురిని గుర్తించాడు. మరొక ఖైదీపై సీఐఏ పక్షాన క్రూర పద్ధతులు మొదలైనప్పుడు సూఫాన్ అభ్యంతరం తెలిపి వైదొలగారు. 2009 మే నెలలో సెనేట్ ఉపసంఘం ముందు తెర చాటున కూర్చొని, ఆ పద్ధతులు పనికిరానివనీ, నమ్మదగనివనీ, దేశానికి హాని చేశాయనీ సాక్ష్యమిచ్చారు. ఉద్యోగం విడిచాక ఆ అనుభవాన్ని గ్రంథస్థం చేశారు.

ఈ పాఠం అవసరం మన ఊళ్లోనూ ఉంది. 2007 మే 18న హైదరాబాదు మక్కా మస్జిదులో బాంబు పేలినప్పుడు పాతబస్తీ యువకులను అనేకులను పట్టుకెళ్లారు. చిత్రహింసల ఆరోపణలు వచ్చాయి. వారిపై మోపిన కేసులు కోర్టులో నిలవలేదు. దర్యాప్తు కేంద్ర సంస్థల చేతికి వెళ్లి, వేరే నిందితులు తెరపైకి వచ్చారు. విచారణ ఎదుర్కొన్న ఐదుగురిని 2018 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం నిర్దోషులుగా విడుదల చేసింది. నిర్దోషి యువకుల చదువులు, ఉద్యోగాలు పోయాయి. మస్జిదులో ప్రాణాలు కోల్పోయినవారి కుటుంబాలకు దోషి ఎవరో ఆ తీర్పులోనూ తెలియలేదు. తప్పుడు అనుమానం ఈ రెండు పక్షాలకూ అన్యాయం చేస్తుంది.

పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని పాత సాక్ష్య చట్టం 25వ సెక్షను చెప్పింది. 2024 జులై నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షనూ అదే చెబుతోంది. చట్టం ఉన్నా, దానిని మనసుకెక్కించే గురువు కావాలి. ఐపీఎస్ అధికారులకు శిక్షణనిచ్చే జాతీయ పోలీసు అకాడమీ మన హైదరాబాదులోనే ఉంది. పోలీసు శిక్షణ పాఠాలలో మతం గురించి, విచారణ పద్ధతుల గురించి ఏమి చెబుతున్నారో హక్కుల సంఘాలు అడిగి తెలుసుకోవాలి. నిజాయితీగా పనిచేసి విరమించిన అధికారులను న్యాయ కళాశాలలు, మన విద్యా సంస్థలు పిలిచి పాఠాలు చెప్పించుకోవాలి. కేసుల నుండి నిర్దోషులుగా బయటపడినవారి మాట కూడా ఆ తరగతులలో వినిపించాలి.

చివరిగా తల్లిదండ్రులకు ఒక విన్నపం. పోలీసు స్టేషను పేరు వింటేనే మన ఇళ్లలో భయం. ఆ భయానికి కారణాలున్నాయి, కాదనము. అయితే ఆ భయంతో మన పిల్లలు దూరంగా ఉండిపోతే, మన గురించి చెప్పే పాఠాన్ని మనమెరుగనివారే వ్రాస్తారు. మీ అబ్బాయి పోలీసు పరీక్షకు కూర్చుంటానన్నా, మీ అమ్మాయి నేరశాస్త్రమో ఫోరెన్సిక్ సైన్సో చదువుతానన్నా, ఆ గొడవ మనకెందుకని ఆపకండి. ఫీజు కట్టండి, కోచింగుకు పంపండి. వారు దర్యాప్తు అధికారులై, రేపు అధ్యాపకులై, అనుమానానికి ఆధారం చూపమని అడిగే తరాన్ని తయారు చేస్తారన్న నమ్మకం మాకున్నది.